సూది కంటే ముందు



నల్లమాడ మండలంలో ఏ పల్లె క్లినిక్ దగ్గర కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: "సిస్టరమ్మా, ఒక సూది ఎయ్యి తల్లీ, తెల్లారితే చెనిక్కాయ పీకను పోవల్ల." కొంచెం వయసు మళ్ళినవాళ్ళయితే, "సూదితో పొయ్యేది కాదులే, ఒక గ్లూకోజు బాటిలు ఎక్కించు" అంటారు. సిస్టరమ్మ సూది తీయదు. మణికట్టు పట్టుకుంటుంది, తన గడియారం వైపు చూస్తుంది, ఒక నిమిషం పాటు నోరు విప్పదు. బెంచీ మీద వంతు కోసం కాచుకున్నవాళ్ళకు ఆ నిమిషం శానా పొడుగు. "చెయ్యి పట్టుకోని గడియారం చూస్తాంది, మందు మాత్రం ఇయ్యల్యా" అని గొణుగుతారు.

నర్సింగ్ చదివే పిల్లలకు పాఠం చెప్పడం నా పని. ఈ పూట ఆ నిమిషం గురించి మాట్లాడతాను. ఆ క్లినిక్‌లో ఆ పొద్దు జరిగిన వైద్యంలో అన్నిటికంటే విలువైన భాగం అదేనని నా నమ్మకం.

ముందు ఒక సంగతి. పదిహేనేళ్ళ కిందట పల్లెలో నర్సమ్మ అంటే టీకాలు వేసే ఏఎన్ఎం ఒక్కతే. డాక్టరును చూడాలంటే పీహెచ్‌సీకి పోవాలి, లేదా కదిరి పెద్దాస్పత్రికి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని హెల్త్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివి, దానిమీద సామాజిక ఆరోగ్యంలో 6 నెలల బ్రిడ్జి కోర్సు చేసినవాళ్ళు కూర్చుంటున్నారు. కాగితాల్లో వాళ్ళను మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ అంటారు. జనం మాత్రం సిస్టరమ్మ అనే పిలుస్తారు, అదే బాగుంది. దీని అర్థం ఏమిటంటే, ఊళ్ళో రోగి మీద పడే మొదటి చూపు నర్సుది. ఈ జ్వరం రెండు మాత్రలతో తగ్గేదా, ఈ రాత్రికే బండి కట్టి పంపాల్సిందా అని తేల్చేది ఆమె. ఆమె దగ్గర స్కానింగు లేదు, పెద్ద ల్యాబు లేదు. కళ్ళు, వేళ్ళు, చెవులు, ఒక థర్మామీటరు, బీపీ చూసే యంత్రం, వేలికి పెట్టే ఆక్సిమీటరు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం ఉంటాయి. వీటితో ఏం చెయ్యవచ్చో తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ మధ్య ఒక ప్రాణం తేడా ఉంటుంది.

ఆ నిమిషంలో ఆమె నాడి ఒక్కటే చూస్తోందని మనం అనుకుంటాం. సగం నిజం. అక్కడ మా వృత్తిలో ఒక చిన్న మోసం ఉంది, బయటపెడుతున్నాను. నాడి లెక్కపెట్టడం అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా, కళ్ళు మాత్రం రోగి ఎద మీదికి తిప్పి శ్వాస లెక్కపెడతాం. "నీ ఊపిరి లెక్కపెడుతున్నా, మామూలుగా పీల్చు" అని చెబితే ఏ మనిషీ మామూలుగా పీల్చడు. ఒకరు బిగబడతారు, ఇంకొకరు గసబెడతారు. అందుకే తెలియనివ్వకుండా లెక్కపెట్టాలి. అదీ పూర్తి నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించే అలవాటు చాలామందికి ఉంది. ఒకటి అటూ ఇటూ అయితే నాలుగు తేడా వస్తుంది, దాంతో రోగి కథే మారిపోతుంది.

విశ్రాంతిగా కూర్చున్న పెద్దమనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. 25కు చేరిందంటే లోపల ఏదో గట్టిగా నడుస్తోంది. అది న్యుమోనియా కావచ్చు, గుండెది కావచ్చు, రక్తంలో చేరిన ఇన్ఫెక్షన్ కావచ్చు, షుగరు అదుపు తప్పి ఉండవచ్చు. బీపీ పడిపోకముందే చాలాసార్లు శ్వాస పెరుగుతుంది. శరీరం ముందుగా చేసే ఫిర్యాదు అదే. విచిత్రం ఏమంటే ఆస్పత్రి చార్టుల్లో అన్నిటికంటే నిర్లక్ష్యంగా నింపే గడి కూడా అదే. వార్డులో పదిమందికీ వరసగా 20, 20, 20 అని రాసి ఉన్న చార్టు కనిపిస్తే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. పదిమంది మనుషులు ఒకే లెక్కన ఊపిరి పీల్చరు.

పసిపిల్లల దగ్గర ఈ లెక్క ఇంకా పదును. రెండు నెలలు నిండని బిడ్డకు నిమిషానికి 60, ఆ పైన ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకు 40. ఈ అంకెను తాకినా, దాటినా అది వేగంగా ఆడుతున్న ఊపిరి. దగ్గుతో పాటు ఇది ఉంటే న్యుమోనియా అని అనుమానించి తీరాలి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు లెక్కపెడితే పనికిరాదు. తల్లి ఒళ్ళో నెమ్మదించాక, చొక్కా పైకెత్తి, ఎద, పొట్ట కనబడేలా పెట్టుకొని చూడాలి. ఊపిరి లోపలికి తీసేటప్పుడు ఎద కింది భాగం గుంటపడుతోందా అన్నది కూడా అప్పుడే కనిపిస్తుంది. దీన్నే మన అవ్వలు "బిడ్డ డొక్కలెగరేస్తాంది" అంటారు. ఆ మాట అవ్వ నోట వస్తే నర్సు పుస్తకం తెరవనక్కర్లేదు, పంపే ఏర్పాటు చూడాలి. అవ్వ కంటికి ఆ మాత్రం గౌరవం ఇవ్వడం నర్సింగులో భాగమే.

ఇక గ్లూకోజు బాటిలు. అరలీటరు సీసాలో, నూటికి ఐదు పాళ్ళ ద్రావణంలో, ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దాదాపు ఐదు చెంచాల చక్కెర. నోటితో తాగగలిగిన మనిషికి దాన్ని నరంలోకి ఎక్కించడం వల్ల అదనంగా వచ్చే బలమేమీ లేదు. పైగా చర్మంలో ఒక రంధ్రం పడుతుంది. ఆ రంధ్రం దగ్గర వాపు, చీము, ఒక్కోసారి రక్తంలోకి క్రిములు. అవసరమైన రోగికి ఆ ప్రమాదం భరించక తప్పదు. నోరు బాగున్న మనిషికి ఎందుకు? వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్ళలో చాలామందికి కావలసింది లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ పొట్లం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతనే తాగించి, కలరా నుంచి వేలమందిని కాపాడాడు. అక్కడ లోటు వల్ల కనిపించిన దారి ఇవాళ ప్రపంచమంతా నడిచే దారి. పిల్లలకైతే దానితో పాటు జింకు బిళ్ళ 14 రోజులు. విరేచనాలు మూడోరోజే ఆగినా పద్నాలుగూ వెయ్యాలి.

ఒంట్లో నీరు ఎంత తగ్గిందో చూడడానికి కూడా యంత్రం అక్కర్లేదు. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. రెండు సెకన్లు దాటినా మడత అలాగే నిలిస్తే పరిస్థితి తీవ్రం. పసిబిడ్డకు మాడు లోపలికి పోయిందా, ఏడిస్తే కన్నీళ్ళొస్తున్నాయా, ఎప్పుడు ఉచ్చ పోసింది అని చూడాలి. ముసలివాళ్ళలో మాత్రం ఈ చర్మం పరీక్షను నమ్మకండి. వాళ్ళ చర్మం ఎప్పుడూ వదులే. వాళ్ళ దగ్గర నాలుక చూడాలి, మాట చూడాలి. నిన్నటిదాకా గలగలా మాట్లాడిన తాత ఇవాళ పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే "వయసయిపోయిందిలే" అని వదిలెయ్యడానికి వీల్లేదు. ముసలితనం ఒక్క రాత్రిలో రాదు. ఒక్క రాత్రిలో వచ్చింది ఏదైనా జబ్బే. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఉప్పు తగ్గడం కావచ్చు. ఏప్రిల్, మే నెలల్లో అయితే వడదెబ్బ. ఒళ్ళు పెనంలా కాలుతూ, తెలివి తప్పుతూ ఉంటే ముందు నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడిచి, విసిరి, ఒళ్ళు చల్లబరచాలి. బండి వచ్చేదాకా ఆగి చేసే పని కాదది. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక అడగడం. మన దగ్గర ఆడవాళ్ళకు నొప్పి తగ్గించి చెప్పే అలవాటుంది. "నొప్పి ఎంతుందవ్వా, సున్నా నుంచి పది వరకు చెప్పు" అని పుస్తకంలో ఉన్నట్టు అడిగితే, "ఏం ల్యాదులే నాయనా" అంటుంది, లేదా "శానా ఉంది" అంటుంది. రెండూ అంకెలు కావు. "రాత్రి నిద్రపట్టిందా? నీళ్ళబిందె ఎత్తుకోగలిగినావా? కూర్చొని లేచినప్పుడు పట్టుకుంటాందా?" అని అడిగితే కథంతా బయటికొస్తుంది. కోడలు పక్కనుంటే అవ్వ ఒకటి చెబుతుంది, కోడలు నీళ్ళు తేవడానికి పోయాక ఇంకొకటి చెబుతుంది. రెండోది రాసుకోవాలి.

చేతుల సంగతికి వస్తాను. నేను ఈ మాట ఎత్తగానే మా వైపు పల్లెల్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "తాగేదానికే నీళ్ళు లేవు, నువ్వు గడియకోసారి చేతులు కడగమంటావే!" కోపంలో న్యాయం ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మనది. బోర్లు ఎండిపోతే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన వేసవులు ఎవరూ మరిచిపోలేదు. అయితే చేతులు శుభ్రం కావడానికి కావలసింది ఎక్కువ నీళ్ళు కాదు, కదిలే నీళ్ళు. గంగాళంలోనో బేసిన్లోనో నీళ్ళు పెట్టి, నాలుగు డెట్టాల్ చుక్కలు వేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందరూ అందులోనే చేతులు ముంచే పద్ధతి ఒకప్పుడు ఆస్పత్రుల్లోనే ఉండేది, ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. దానికంటే చేతులు ముంచకపోవడం మేలు. మధ్యాహ్నానికి ఆ బేసిన్లో ఊళ్ళోని క్రిములన్నీ ఉంటాయి. అదే ఒక్క చెంబెడు నీళ్ళు ఇంకొకరు సన్నధారగా పోస్తుంటే, సబ్బుతో వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కొసలు రుద్దుకుంటే పని పూర్తవుతుంది. కొళాయి బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంటే పోసే మనిషి కూడా అక్కర్లేదు. సబ్బు అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. ఉంగరాలు, గడియారం తీసెయ్యాలి. గాజులుంటే మోచేతి వైపు నెట్టాలి, కుదిరితే డ్యూటీకి తీసే రావాలి.

ఇంత చేసి, చివర్లో చేతులు కొంగుకు తుడుచుకుంటారు! పొద్దుటి నుంచి బిడ్డ ముక్కు తుడిచిన కొంగు, బస్సు కడ్డీ పట్టుకున్న కొంగు. చేతులు గాలికి ఆరనివ్వండి, లేదా ఉతికిన గుడ్డ ఒకరికొకటి పెట్టుకోండి. ఇది నర్సులకు ఎంతో, ఇంట్లో రోగిని చూసుకునే కోడళ్ళకూ కూతుళ్ళకూ అంతే.

నీళ్ళే లేని చోట స్పిరిటు రుద్దుడు మందు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చేతుల శుభ్రత మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, జిల్లా ఆస్పత్రి ఫార్మసీలోనే కలుపుకోగలిగేలా దాని పాళ్ళు చెప్పింది. నూటికి 80 పాళ్ళు ఇథనాల్, కొంచెం గ్లిజరిన్, చిటికెడంత హైడ్రోజన్ పెరాక్సైడ్, మిగతాది శుద్ధి చేసిన నీరు. అరచేతినిండా తీసుకొని 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దాలి. చేతికి రక్తమో, మలమో, మట్టో కంటికి కనబడుతుంటే మాత్రం ఇది పనికిరాదు, సబ్బూ నీళ్ళూ కావాల్సిందే. ఎప్పుడెప్పుడు చేతులు శుభ్రం చెయ్యాలన్నదీ ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. రోగిని తాకే ముందు, సూదో కట్టో వేసే ముందు, రక్తం లాంటివి అంటే అవకాశం ఉన్న పని అయ్యాక, రోగిని తాకాక, రోగి మంచాన్నో దుప్పటినో తాకాక. ఐదో దాన్ని అందరూ మరుస్తారు. రోగిని ముట్టలేదు కదా, చార్టే కదా తీశాను అనుకుంటారు. చేతి తొడుగులు వేసుకున్నాం కదా అని కడగడం మానేవాళ్ళూ ఉన్నారు. ఒకే జత తొడుగులతో నలుగురు రోగులను చూసిన చేతికీ, అసలు కడగని చేతికీ తేడా లేదు. ఆ తొడుగు కాపాడింది నర్సును మాత్రమే.

శుభ్రత మాట వచ్చినప్పుడు ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మా తరగతుల్లో ప్రతి ఏడాదీ వినిపిస్తుంది. 1854 నవంబరులో 38 మంది నర్సులతో స్కుటారి సైనికాస్పత్రికి వెళ్ళిందనీ, దీపం పట్టుకొని తిరిగిందనీ చెప్తాం. దీపం కథ అందంగా ఉంటుంది కాబట్టి అందరికీ గుర్తుంటుంది. అక్కడ చావులు బాగా తగ్గింది 1855 వసంతంలో మురుగు కాలువలు శుభ్రం చేసి, గాలి ఆడేలా చేసిన తరువాతనే. ఆమె ఎప్పుడూ మన దేశానికి రాలేదు. అయినా 1876-78లో మద్రాసు రాజధానిని ఊడ్చేసిన ధాత కరువు గురించి ఆమె చదివిన తీరు, రాసిన తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ కరువు మన సీమను ఎంత కాల్చిందో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1878లో ఆమె ఇంగ్లాండు పత్రికలో భారత ప్రజల గురించి పెద్ద వ్యాసం రాసి, కరువుకూ అప్పులకూ నీటిపారుదల లేకపోవడానికీ ఉన్న ముడి విప్పి చూపింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపి, కాలువలు తవ్వాలన్న ఆయన వాదనకు అండగా నిలిచింది. రోగి మంచం దగ్గర మొదలైన నర్సు చూపు చెరువు గట్టు దాకా పోయింది. నల్లమాడలో పనిచేసే ఏ నర్సుకైనా దీపం కథ కంటే ఈ కథ దగ్గరిది. విరేచనాల రోగి వచ్చినప్పుడు "ఏ బోరు నీళ్ళు తాగుతున్నారు, ఆ వీధిలో ఇంకెవరికైనా ఉందా" అని అడిగే నర్సు ఆమె వారసురాలు.

మళ్ళీ చేతుల దగ్గరికి వస్తాను. చేతులు కడగడం ఎంత పని చేస్తుందో లోకానికి తెలిసింది బాలింతల వల్ల. వియన్నా పెద్దాస్పత్రిలో రెండు కాన్పు విభాగాలుండేవి. ఒకటి వైద్య విద్యార్థులది, రెండోది మంత్రసానులు నేర్చుకునేది. మంత్రసానుల విభాగంలో బాలింత జ్వరం చావులు తక్కువ, డాక్టర్ల విభాగంలో ఎక్కువ. ఆడవాళ్ళు ఏడ్చి మరీ రెండోదాంట్లో చేర్చుకోమనేవాళ్ళు. విద్యార్థులు శవపరీక్షల గది నుంచి నేరుగా కాన్పులకు వస్తున్నారని అక్కడి డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గమనించాడు. 1847లో క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించడం మొదలుపెట్టాక, ఏప్రిల్లో నూటికి 18 దాకా ఉన్న చావులు రెండు మూడు నెలల్లో రెండు చుట్టుపక్కలకు దిగాయి. తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు. పెద్దమనుషుల చేతులు మురికి అనడం వాళ్ళకు అవమానమైంది. ఇప్పటికీ వార్డులో రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరుగారికి "సార్, చేతులు" అని ఒక చిన్న నర్సు గుర్తు చెయ్యగలుగుతుందా? ఎన్ని చోట్ల చెయ్యగలుగుతుందో మీరే ఊహించుకోండి.

మన ఇళ్ళల్లో బాలింతకు నీళ్ళు తగ్గించి ఇవ్వడం, బిడ్డ బొడ్డు మీద పసుపో, ఆముదమో, బూడిదో పెట్టడం ఇంకా పోలేదు. బొడ్డు ఊడేదాకా ఏమీ రాయకుండా పొడిగా ఉంచడమే మందు. ఆశా కార్యకర్త కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి పంపేయకండి. తల్లికి చలిజ్వరం ఉందా, మైలలో చెడు వాసన వస్తోందా, ఒక పిక్క వాచి నొప్పిగా ఉందా, బిడ్డ పాలు గట్టిగా పీలుస్తోందా అని ఆమె చూడాలి. చూడనివ్వండి.

సూది అడిగేవాళ్ళకు ఒక కఠినమైన సంగతి. 2009లో గుజరాత్‌లోని మోడాసా పట్టణంలో హెపటైటిస్ బి వ్యాపించి పదుల కొద్దీ జనం చనిపోయారు. వాడిన సిరంజీలు మళ్ళీ వాడడమే మూలమని తేలింది. అక్కడి జనం అడిగింది కూడా మనం అడిగినట్టే ఒక సూది. ఇంజెక్షన్ తప్పనిసరి అయితే, ప్యాకెట్టు మీ కళ్ళముందే చించమని అడగండి. ఏ నర్సూ దానికి నొచ్చుకోకూడదు.

నర్సుకు కూడా ఆ సూదితోనే ప్రమాదం. టీకా వేయించుకోని నర్సుకు ఆ జబ్బు ఉన్న రోగి రక్తమంటిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి నూటికి 30 మంది దాకా రావచ్చు, హెపటైటిస్ సి నూటికి ముగ్గురికి, హెచ్ఐవీ వెయ్యికి ముగ్గురికి. అందుకే వాడిన సూదికి మూత పెట్టవద్దని, అక్కడికక్కడే కట్టర్లో కొయ్యమని చెవినిల్లు కట్టుకొని చెబుతాం. గుచ్చుకుంటే పిండవద్దు, నోట పెట్టవద్దు, సబ్బుతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. 28 రోజులు వాడాలి. సిగ్గుతోనో, పై అధికారి తిడతారన్న భయంతోనో దాచుకునే పిల్లలు ఉన్నారు. తిట్టే అధికారి ఉన్నచోట సూదులు ఇంకా ఎక్కువ గుచ్చుకుంటాయి, తెలిసేవి మాత్రం తక్కువ.

హెచ్ఐవీ అన్నాక మన జిల్లాల చరిత్రలోని ఒక పుట తిప్పాలి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ దంపతులు పెట్టిన ఆర్డీటీ సంస్థ బత్తలపల్లిలో ఆస్పత్రి కట్టి, అందులో హెచ్ఐవీ, క్షయ రోగులకు కూడా చోటిచ్చింది. ఇతర చోట్ల గుమ్మం దగ్గరే ఆగిపోయిన రోగులు అక్కడికి బస్సెక్కేవాళ్ళు. ఆ కాలంలో చాలా ఆస్పత్రుల్లో హెచ్ఐవీ ఉన్న మనిషి మంచానికి ఎర్ర గుర్తో, కేస్ షీటు మీద పెద్ద అక్షరాలో పెట్టేవారు. నర్సింగు మూలసూత్రం దానికి సరిగ్గా ఎదురు. ఎవరి రక్తమైనా ప్రమాదకరమే అనుకొని అందరి దగ్గరా ఒకే జాగ్రత్త తీసుకో అంటుంది అది. గుర్తు పెట్టిన మంచం దగ్గర మాత్రమే తొడుగులు వేసుకునే నర్సు, ఇంకా పరీక్ష చేయించుకోని పదిమంది దగ్గర ఒట్టి చేతులతో ఉన్నట్టే. గుర్తు రోగి మర్యాద తీసింది, నర్సును కాపాడలేదు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఈ వివక్షను నిషేధిస్తుంది. చట్టం రాకముందే శాస్త్రం ఆ మాట చెప్పింది.

ఇంట్లో పక్షవాతంతో పడుకున్న పెద్దలున్నవాళ్ళకు రెండు మాటలు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించండి. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా టైముంది. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు లోపల మొదలైనట్టే, సిస్టరమ్మను పిలవండి. స్పిరిటు పెట్టి రుద్దవద్దు. అలాగే ఇంట్లో దగ్గు రెండు వారాలు దాటినవాళ్ళుంటే క్షయ అనుమానంతో గళ్ళ పరీక్షకు పంపండి, కిటికీ తెరిచి పెట్టండి. పాత మట్టిమిద్దెల పైకప్పులో వెలుతురుకూ గాలికీ ఒక కంత వదిలేవారు. కొత్త స్లాబు ఇళ్ళల్లో అదీ పోయింది, కిటికీకి చెక్క కొట్టి బీరువా అడ్డం పెడుతున్నారు.

చివరిగా, రాత్రిపూట రోగిని నల్లమాడ నుంచి కదిరికో, పుట్టపర్తికో, బత్తలపల్లికో తీసుకుపోయేవాళ్ళ కోసం. 108 వచ్చేలోపు ఒక చీటీ రాయించుకోండి. ఎన్ని గంటలకు మొదలైంది, నిమిషానికి శ్వాస ఎంత, నాడి ఎంత, బీపీ, జ్వరం, ఆక్సిజన్ ఎంత, పిలిస్తే పలుకుతున్నాడా, ఆఖరున మూత్రం ఎప్పుడు పోశాడు, ఏ మందు ఏ టైముకు ఇచ్చారు. ప్రతి అంకె పక్కనా గంట వేయించండి. రాత్రి 9కి శ్వాస 22 ఉండి, 11కి 30 అయితే, అవతల డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఆ రెండు అంకెల మధ్య దూరమే రోగి ఎటు పోతున్నాడో చెబుతుంది. ఒక్క అంకెతో అది తెలియదు. రోజూ వాడే మాత్రల స్ట్రిప్పులు కూడా సంచిలో వేసుకోండి, "తెల్ల బిళ్ళ, గుండ్రంగా ఉంటాది" అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. దారిలో ఎవరో ఒకరు రోగి పక్కనే కూర్చొని, సెల్‌ఫోను గడియారం పెట్టుకొని, పావుగంటకోసారి శ్వాస లెక్కపెట్టి అదే చీటీ మీద కింద రాయండి. చదువు రాకపోయినా లెక్క వస్తే చాలు.